చెప్పిన ఎత్తు – విన్న ఎత్తు

విమానమొకటి తనకు నియమింపబడిన ఎత్తును దాటి పైకెగసినదనియో, అంతకు దిగువకు దిగినదనియో వార్త వెలువడినంతనే మన దేశమున రెండు మాటలు పుట్టును. మొదటిది "పైలటు పొరపాటు". రెండవది "విచారణ జరుగుచున్నది". మొదటి మాటయే తీర్పు. రెండవది ఆ తీర్పునకు తొడిగిన చొక్కా. తీర్పు ముందును విచారణ వెనుకను నడచు ఈ ఆచారమును మేము చిరకాలముగా చూచుచున్నాము. దీనివలన ప్రయాణికులకు కలిగిన మేలేమో మాకు కానరాలేదు. ఎత్తు తప్పుట ఒక మనుష్యుని అజాగ్రత్తతో మొదలై అతని శిక్షతో ముగియు కథ కాదనియు, ఆ తప్పును దాచక చెప్పుకొన్నవానిని దండించు ప్రభుత్వము తన కన్నులను తానే పొడుచుకొనుచున్నదనియు ఈ వారము పాఠకులకు మనవి చేయదలచితిమి.

పఠనాలయమున కూర్చుండి ఈ పుటను చదువువారిలో విమానమెక్కినవారు కొందరు, ఎక్కనివారు కొందరు. ఎక్కినవారికైనను ముందుగదిలో జరుగునది కానరాదు. కావున సంగతి మొదటినుండి చెప్పుట మంచిది. నేలమీద బండ్లకు కుడియెడమలు కలవు. ఆకాశమున విమానములకు పైక్రిందులు కలవు. ఒకదాని దారికి మరియొకటి అడ్డువచ్చు తావులలో రెంటికి నడుమ నిలువున వేయి అడుగుల ఎడముండవలెనని సామాన్య నియమము. వేయి అడుగులనిన వినుటకు పెద్ద మాటయే. కాని నేలను విడిచి పైకి లేచుచున్న పెద్ద విమానము నిమిషమునకు రెండుమూడువేల అడుగులు ఎక్కును. అనగా ఆ వేయి అడుగుల గోడ ఇరువది ముప్పది సెకనులలో కూలిపోవును. ఒక మనిషి దగ్గి గొంతు సవరించుకొనునంతలో సగము గోడ పోవును.

ఆ గోడను నిలుపునది ఇటుకయు కాదు, ఇనుమును కాదు, మాట. బయలుదేరు విమానము ఎంతవరకు ఎక్కి ఆగవలెనో నేలమీది కంట్రోలరు రేడియోలో చెప్పును. పైలటు ఆ సంఖ్యను తిరిగి పలుకవలెను. కంట్రోలరు దానిని విని, సరిగా నున్నదో లేదో చూడవలెను. వేదపాఠశాలలో గురువు చెప్పినదానిని శిష్యుడు తిరిగి చెప్పు పద్ధతివంటిదే ఇదియు. కాని పాఠశాలలో తొందర లేదు. ఇచ్చట కంట్రోలరు చేతిలో ఒకే వేళ అనేక విమానములు, ఒకటే రేడియో. పైలటున కా క్షణముననే చక్రములు ముడువవలసియుండును, రెక్కల ఫలకములు సర్దవలసియుండును, దిక్కు మరలవలసియుండును, రేడియో మార్చవలసియుండును. "వన్ జీరో థౌజండ్" అన్న మాట "వన్ వన్ థౌజండ్" అని చెవిని సోకినచో ఆశ్చర్యమేమి? పదివేలు, పదునొకండువేలు అను ఈ రెండు ఎత్తులే పైలట్లు స్వయముగా వ్రాసిన నివేదికలలో తరచుగా తారుమారగుచుండు జంట. చెవి పలికినదానిని వినదు, వినదలచినదానిని వినును. ప్రతిదినము పదునొకండువేలకు అనుమతి పొందు పైలటునకు నేడు పదివేలనినను పదునొకండువేలే వినబడును. అతడు దానిని తప్పుగా తిరిగి పలికినను, తాను సరిగా చెప్పితినన్న నమ్మికతో కంట్రోలరు దానిని సరిగానే వినును. తప్పుగా వినినవారిద్దరు, దండింపబడువాడు మాత్ర మొక్కడు.

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూరున దిగబోవు సరకుల విమానమునకు రెండువేల నాలుగువందల అడుగులకు దిగుమని ఆజ్ఞ వచ్చెను. కంట్రోలరు పలికినది "టూ ఫోర్ జీరో జీరో". పైలట్లకు తోచినది "నాలుగువందలకు" అని. ఏలయన ఆంగ్లమున రెండు అను అంకెకును, 'కు' అను విభక్తికిని ధ్వని ఒక్కటే. నాలుగువందలని వారు తిరిగి పలికిరి. ఎవ్వరును దిద్దలేదు. విమానము కొండకు కొట్టుకొనెను, నలుగురు మరణించిరి. నేల దగ్గరపడినదని యంత్రము మొరపెట్టినను వారు లక్ష్యపెట్టలేదనుటయు నిజమే. ఇది దిగునప్పటి కథయైనను, ఎక్కునప్పుడు పనిచేయు చెవియు అదియే.

చెవి తప్పనివాడును కంటితో తప్పవచ్చును. ఎత్తును చూపు యంత్రము గాలి ఒత్తిడిని కొలిచి అడుగులలో చెప్పును. నేలకు దగ్గరగా నున్నంతవరకు ఆ ఊరి ఒత్తిడికి దానిని సరిచేయుదురు. కొంత యెత్తు దాటినపిదప లోకమంతటికి ఒకటే కొలతయగు 1013 హెక్టోపాస్కళ్లకు మార్చుదురు. తుపాను దినములలో మన కోస్తాతీరమున ఒత్తిడి 993కు పడినదనుకొందము. పైకి లేచుచున్న పైలటు పని తొందరలో ఆ మార్పు చేయుట మరచెనా, తనకు చెప్పిన ఎత్తుననే ఆగితినని యంత్రము చెప్పుచుండగా, నిజమునకు సుమారు 550 అడుగులు మీద నుండును. వేయి అడుగుల గోడలో సగమునకు పైగా ఒక్క మీట మరచినందున పోయినది. అతడు బద్ధకస్థుడు కానక్కరలేదు, త్రాగియుండనక్కరలేదు. ఆ నిమిషమున మరియొకరు అతనిని పలుకరించినను చాలును.

నియమములను వ్రాయువారును తప్పులకు వల పన్నుచుందురు. న్యూయార్కు చెంత టెటర్‌బరో అను చిన్న విమానాశ్రయము కలదు. ధనికుల సొంత జెట్లు ఎక్కువగా దిగునది. దానికి దక్షిణమున కొలది మైళ్లలో పెద్దదగు న్యూఆర్కు విమానాశ్రయము. న్యూఆర్కున దిగు ప్రయాణిక విమానములు టెటర్‌బరో నుండి లేచు జెట్లకు నెత్తిమీదుగా పోవును. కావున ఆ జెట్లు మొదట 1,500 అడుగులకు లేచి అచ్చట నిలిచి, ఒక గుర్తును దాటిన తరువాతనే 2,000 అడుగులకు పోవలెనని ప్రస్థానపటమున వ్రాసిరి. ఆకాశమున ఐదువందల అడుగుల మెట్టొకటి! శక్తిగల జెట్టునకు 1,500 అడుగులు ఒక గుటక. పైలట్లు చివరి సంఖ్యయగు రెండువేలను మనసున పెట్టుకొని తిన్నగా ఎక్కిపోయిరి. ఒకరు కాదు, పలువురు, ఏండ్ల తరబడి. పలువురు ఒకే చోట తడబడినచో తప్పు కాలిదా, గడపదా? అచ్చటి అధికారులు పలుమారులు హెచ్చరికలు ప్రకటింపవలసివచ్చెను. మెట్లుగల ప్రస్థానములలో ఏ ఆజ్ఞ ఏ మెట్టును రద్దుచేయును, దేనిని నిలుపును అను గందరగోళము తీర్చుటకు ఆ దేశమున 2014లో ఆజ్ఞల పలుకుబడినే మార్చిరి. పైలట్లు తమ తప్పులను తామే వ్రాసి పంపుచుండినందున గడప ఎచ్చట ఎత్తుగా నున్నదో తెలిసినది. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెను.

ఇక మన దేశపు కథకు వత్తము. 1996 నవంబరు 12 సాయంకాలము. సౌదీ సంస్థవారి బోయింగు 747 ఒకటి 312 మందితో ఢిల్లీ నుండి లేచెను. అందలి ప్రయాణికులలో ఎడారి దేశమున కూలికి, కొలువునకు పోవు మన దేశస్థులు పెక్కుమంది. కరీంనగరము నుండియు, కడప నుండియు పొట్ట చేతబట్టుకొని పోవు తెలుగువారికిని నేటికి అట్టి విమానములే శరణ్యము. ఎదురుగా కజకిస్థాను నుండి 37 మందితో ఇల్యూషిన్ విమానమొకటి ఢిల్లీకి దిగివచ్చుచుండెను. లేచుదానిని 14,000 అడుగుల వద్ద ఆగుమనిరి. దిగుదానిని 15,000 అడుగుల వద్ద ఆగుమనిరి. నడుమ ఆ వేయి అడుగుల గోడయే. బోయింగు పైలట్లు చెప్పిన ఎత్తున నిలిచి, పై అనుమతికై వేచియుండిరి. ఎదురుగా సౌదీ బోయింగు వచ్చుచున్నదనియు, అది 14,000 మీద నున్నదనియు కంట్రోలరు కజకు విమానమునకు దూరముతో సహా చెప్పెను. అయినను ఆ విమానము 15,000 వద్ద ఆగక ఇంకను దిగిపోయెను.

ఎందుకు దిగెను? ఆ విమానమున రేడియో మాటలన్నియు వినువాడు, బదులు పలుకువాడు ఒక రేడియో ఉద్యోగి. పైలట్లు అతనిమీద ఆధారపడిరి. వారికి ఆంగ్లము అంతంతమాత్రము. ఆ ఉద్యోగి ముందు ఎత్తును చూపు యంత్రము లేదు. పైలట్ల భుజములమీదుగా తొంగిచూడవలసినదే. మాట వినువాడు ఎత్తును చూడలేడు, ఎత్తును చూచువాడు మాటను వినలేడు. ఎత్తు తప్పితిమని తెలిసి కడపటి క్షణములలో వారు విమానమును పైకెత్తిరి. ఎత్తకున్న బోయింగునకు దిగువగా దాటిపోయెడిదే. ఇల్యూషిను తోక బోయింగు రెక్కను కోసెను. రెండును చర్ఖీ దాద్రీ చెంతగల పొలములలో కూలెను. మేఘములలో ఎఱ్ఱని వెలుగు కనబడెనని కంట్రోలరునకు మొదట చెప్పినవాడు ఆ దారిన పోవుచున్న అమెరికను సైనిక విమానపు పైలటు. 349 మందిలో ఒక్కరును మిగులలేదు.

తప్పు కజకు పైలట్లదని న్యాయమూర్తి లాహోటీ విచారణసంఘము తేల్చెను. మేము కాదనము. కాని ఆ తేల్పుతో తృప్తిపడినవారిని మేము రెండు ప్రశ్నలడుగుదుము. కోటానుకోట్ల ఘనపుటడుగుల ఆకాశము గల దేశరాజధానిలో వచ్చు విమానములకును పోవు విమానములకును ఒకటే సన్నని త్రోవ ఎందుకుండవలె? మిగిలిన ఆకాశమును వాయుసేన తన యధీనమున నుంచుకొన్నందున. ఒంటెద్దు బండి దారిలో రెండు రైళ్లను ఎదురెదురుగా నడపి, ఒకటి కాలువమీద, ఒకటి కట్టమీద పోవలెనని చెప్పినట్లున్నది. ఇక రెండవ ప్రశ్న: కంట్రోలరు ముందున్న రాడారు ఏమి చూపెను? చుక్కలు. ఏ చుక్క ఎంత ఎత్తున నున్నదో చూపజాలని పాత రాడారది. కజకు విమానము 15,000 దాటి దిగుచున్న సంగతి దేశరాజధానిలో ఒక్క కంటికిని కనబడు వీలు లేదు. పైలటు నోటిమాటయే ప్రమాణము. విమానములు తమలో తాము సంకేతములిచ్చుకొని "పైకి పొమ్ము, క్రిందికి పొమ్ము" అని హెచ్చరించు టీకాస్ యంత్రమును పెద్ద ప్రయాణిక విమానములకన్నిటికి అమెరికాలో 1993 ముగియునాటికే తప్పనిసరి చేసియుండిరి. ఢిల్లీలో ఆ దినము గ్రుద్దుకొన్న రెంటిలో ఒక్కదానికిని అది లేదు.

ప్రమాదము పిదప అన్నియు వచ్చినవి. రాకపోకలకు వేరువేరు త్రోవలు వచ్చినవి. ఎత్తు చూపు రాడారు వచ్చినది. మన ఆకాశమున తిరుగు విమానములకు టీకాస్ తప్పనిసరి యయ్యెను. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట మనకు వెన్నతో పెట్టిన విద్య. వచ్చినవానిలో క్రొత్తగా కనిపెట్టినది ఒక్కటియు లేదు. అన్నియు ముందే తెలిసినవే, సంతలో దొరకునవే. కొనకపోవుట, త్రోవ విడువకపోవుట ఏ పైలటు పొరపాటు?

యంత్రము వచ్చినది కదా, ఇక భయమేమనువారు 2002 జూలై 1 రాత్రిని తలచుకొనవలెను. జర్మనీ స్విట్జర్లాండు సరిహద్దున ఉబర్‌లింగెనుపై రెండు విమానములకును టీకాస్ ఉన్నది. యంత్రము పైకెక్కుమనిన రష్యను విమానమును కంట్రోలరు దిగుమనెను. పైలట్లు మనిషి మాటనే వినిరి. 71 మంది చచ్చిరి; అందులో పెక్కుమంది బడిపిల్లలు. ఆ రాత్రి ఆ కంట్రోలరు ఒక్కడే రెండు బల్లల పని చూచుచుండెను. మరమ్మతులకై రాడారు సౌకర్యములు కొన్ని, టెలిఫోను తీగలు కొన్ని ఆపియుండిరి. దీనికంతకు బాధ్యులగు పెద్దలెవ్వరో లోకమున కానక, భార్యాబిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి యొకడు 2004లో ఆ కంట్రోలరును వాని యింటిముందే పొడిచి చంపెను. దుఃఖమున మతిచెడినవానిని ఏమందుము? కాని "తప్పెవరిది" అని ఒక్క తలనే వెదకు మన విచారణలు చల్లని గదులలో కూర్చుండి చేయుచున్నదియు ఆ పనియే.

న్యాయస్థానములే ఆ పని చేసిన ఉదాహరణమును కలదు. 1976 సెప్టెంబరు 10న నాటి యుగోస్లావియాలో జాగ్రెబుమీద లండను నుండి ఇస్తాంబూలు పోవు ఆంగ్ల విమానమును, స్ప్లిట్ రేవు నుండి లేచి పైకెక్కుచున్న యుగోస్లావు విమానము తాకెను. 176 మంది మరణించిరి. ఎక్కుచున్న విమానమునకు, ఆంగ్ల విమానము పోవు ఎత్తును దాటిపోవుటకు అనుమతి దొరకినది. ఒక బల్లవాడు మరియొక బల్లవానితో సరిగా మాటలాడుకొనక దొరకినది. సాయపడవలసినవాడు ఆలస్యముగా వచ్చినందున పై ఎత్తుల బల్లవద్ద యువకుడొకడు ఒంటరిగా చిక్కెను. సంగతి గ్రహించి అతడు తొందరలో తన మాతృభాషలో "అచ్చటనే ఆగు" మనెను. ఆగిన ఎత్తే ఆంగ్ల విమానము వచ్చుచున్న ఎత్తయ్యెను. ఆ భాష తెలియని ఆంగ్ల పైలట్లకు ఒక్క ముక్క తెలియలేదు. ఆ యువకునికి ఏడేండ్ల చెరసాల విధించిరి. సిబ్బంది చాలని కార్యాలయమును నడిపినవారికి శిక్ష లేదు. తోటి కంట్రోలర్ల మొరలవలన రెండేండ్లు దాటినపిదప అతనిని విడిచిరి. అతనిని బంధించినందున ఆ గదిలో కుర్చీ ఒక్కటైన పెరిగినదా?

దీనికి మారుగా ఏమి చేయవలెనో తెలియని కాలము కాదిది. 1974 డిసెంబరు 1న వాషింగ్టనుకు దగ్గరగా ఒక విమానము, దిగుటకు అనుమతి వచ్చినది గావున 1,800 అడుగులకు దిగవచ్చునని పైలట్లు తలచినందున, కొండకు కొట్టుకొని 92 మందిని బలిగొనెను. అనుమతి యిచ్చిన కంట్రోలరు దానికి ఆ యర్థము తలపనే లేదు. అంతకు ఆరు వారములకు ముందే వేరొక సంస్థ పైలట్లు అచ్చటనే ఆ తప్పే చేసి కొలదిలో బ్రదికిరి. వారు దాచలేదు, తమ సంస్థకు చెప్పిరి. సంస్థ తన పైలట్లను హెచ్చరించెను. ఆ హెచ్చరిక ప్రహరీగోడ దాటి పొరుగు సంస్థకు పోలేదు! 92 మంది ప్రాణములు నిలుపగల కాగితము ఒక బీరువాలో నుండిపోయెను.

ఆ సిగ్గునుండియే 1976లో అమెరికాలో క్రొత్త యేర్పాటు పుట్టెను. తప్పు చేసిన పైలటో, కంట్రోలరో పది దినములలోపల దానిని ఉన్నదున్నట్లు వ్రాసి పంపవలెను. దానిని అందుకొనునది దండించు శాఖ కాదు, అంతరిక్ష పరిశోధనలు జరుపు నాసా సంస్థ. పేర్లు చింపివేయుదురు. తెలిసి చేసినది కానిచో, నేరమును ప్రమాదమును కానిచో, అట్లు వ్రాసినవాని లైసెన్సుపై శిక్ష పడదు. ఇట్టి నివేదికలు లక్షలకొలది వచ్చినవి. ఎత్తు తప్పిన కథలు అందులో కొల్లలు.

"శిక్ష లేకున్న భయముండదు, భయము లేకున్న జాగ్రత్త యుండదు" అని మన కార్యాలయములలోని పెద్దలు కొందరందురు. పైలటు ముందుకూర్చున్న మనిషి. కొండ తగులునది మొదట వానికి. అంతకుమించిన భయమును సస్పెన్షను కాగితము కలిగింపగలదా? ఆ కాగితము కలిగించు భయము వేరు: తప్పు చేయుటకు కాదు, తప్పును చెప్పుటకు. త్రాగి నడపినవానిని, మొండిగా ఆజ్ఞ మీరినవానిని, దొంగ లెక్కలు వ్రాసినవానిని నిర్దాక్షిణ్యముగా దండింపుడు; మేమే చప్పట్లు కొట్టెదము. పదివేలను పదునొకండువేలని విని, తెలిసికొని, దిగివచ్చి, తానే వ్రాసియిచ్చినవానిని అదే త్రాసున తూచుట న్యాయమా?

విమానప్రమాదములపై విచారణ నివారణకే గాని నిందకు కాదని అంతర్జాతీయ ఒడంబడికలో వ్రాసియున్నది. మన దేశమును ఆ ఒడంబడికకు కట్టుబడినదే. స్వచ్ఛందముగా తెలుపుకొనుటకు మన నిబంధనలలోను చోటు కలదు. కాని ఆ నివేదికను అందుకొను చేయియు, శిక్షాపత్రమునకు సంతకము చేయు చేయియు ఒకే శాఖవైనంతకాలము వివేకియగు పైలటు కలము మూసియుంచును. నివేదికలను అందుకొనుటకు లైసెన్సులతో పనిలేని వేరొక సంస్థ నుంచవలెను. అందిన ప్రతి కథను పేర్లు తీసివేసి దేశమందలి అన్ని సంస్థల పైలట్లకును నెలనెలా అందింపవలెను.

2022 జనవరిలో బెంగుళూరున ఒకే సంస్థకు చెందిన రెండు విమానములు రెండు సమాంతరపు రన్‌వేల నుండి దాదాపు ఒకే వేళ లేచి, సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఒకదాని కొకటి ప్రమాదకరముగా దగ్గరపడెను. రాడారుముందున్న కంట్రోలరు చూచి, రెంటిని చెరియొక దిక్కునకు మరలించి వందలాది ప్రాణములు కాపాడెను. ఆ సంగతి ఏ దినచర్య పుస్తకమునను వ్రాయబడలేదని పౌరవిమానయాన డైరెక్టరేటు అధికారులే నాడు పత్రికలవారికి చెప్పిరి. ఆ పుస్తకమున ఆ దినము ఒక్క పంక్తి వ్రాయుటకు వెనుకాడిన చేయి బద్ధకముచే వెనుకాడెనా, భయముచే వెనుకాడెనా యని మేము డైరెక్టరేటువారినే అడుగుచున్నాము.